తెర మీద భువనగిరి, పాప నోట కాజీపేట

ఇంటర్నెట్లో తెలుగు పిల్లల చేత కలిసి కథ చదివించిన మొదటి మనిషిని నేనే. దేశం మొత్తం మీద. ఇరవై బళ్ళు, మూడు వందల మంది పిల్లలు, శనివారం వస్తే చాలు అందరూ ఒకే కథ ఒకే గంటకు చదివేవాళ్ళు. పెళ్ళి భోజనాల్లో పక్క కుర్చీలో ఎవరు దొరికినా ఇలాగే చెబుతూ వచ్చాను. ఇప్పుడు రాద్దామని కూర్చుంటే మా ఆవిడ భుజం మీంచి తొంగి చూసి, "ఏటి, కాగితం మీద కూడా కోతలేనా?" అంది. మేమిద్దరం విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళం. నలభై ఏళ్ళు సికింద్రాబాదులో ఉన్నా ఆమె మాట మారలేదు, నా కోతలూ మారలేదు.

సరే, లెక్క దించుకుంటాను. బళ్ళు మూడు. పిల్లలు ముప్పై నలుగురు. మొదటివాణ్ణో కాదో నాకు తెలీదు, ఎవరినీ అడగలేదు. ఆ వెబ్‌సైటు కట్టింది కూడా నేను కాదు.

ఇవన్నీ చిన్న కోతలు, వీటివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. నేను రాయాలనుకున్నది ఒక పాప కళ్ళ గురించి. ఆ కళ్ళు పోతున్నాయని తల్లికంటే ముందు, బడికంటే ముందు, డాక్టరుకంటే ముందు తెలిసింది నాకే. తెలిసి మూడు నెలలు ఊరుకున్నాను.

నేను ప్రెస్సులో పనిచేసినవాణ్ణి. మొదట సీసం అక్షరాలు ఏరి పేర్చే కంపోజిటరుని, కంప్యూటర్లు వచ్చాక డీటీపీ ఆపరేటరుని. రిటైరై చిలకలగూడ ఇంట్లో కూర్చునేసరికి ఊరు ఊరంతా సాఫ్ట్‌వేర్ అంటోంది. కరెంటు స్తంభం కనిపిస్తే చాలు, దానికో కోర్సు బోర్డు వేలాడేది. మా మేడ మీద అద్దెకుండే అమ్మాయికి కూడా ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం. తరవాత యాప్రాల్‌లో ఫ్లాటు కొనుక్కుని వెళ్ళింది. ఒక ఆదివారం స్వీటు డబ్బా పట్టుకుని వచ్చి అడిగింది.

"అంకుల్, మీకు తెలుగు టైపింగ్ వచ్చు కదా. నాకో హెల్ప్ చేస్తారా?"

"తెలుగు టైపింగా? హైదరాబాదు మొత్తం మీద నా అంత స్పీడు ఎవడికీ లేదమ్మా."

లోపల్నుంచి మా ఆవిడ దగ్గింది.

ఆ అమ్మాయి ఆలోచన ఇది. చిలకలగూడలో ఒక బడి, బోయిన్‌పల్లిలో ఒకటి, యాప్రాల్‌లో ఒకటి. మూడు బళ్ళలోనూ హెడ్మాస్టరు గదిలో ఒక్కో పాత కంప్యూటరు, ఫోను తీగ. వారం వారం కథలో ఒక భాగం నెట్టులో పెడితే మూడు బళ్ళ పిల్లలూ చదివి, తరవాత ఏం జరగాలో తలా ఒక వాక్యం రాయాలి. ఒక బడి పిల్లలు రాసింది మిగతా రెండు బళ్ళ పిల్లలూ చూడాలి. అన్నీ కలుపుకుని పై వారం కథ నడవాలి.

ఆ రోజుల్లో మన అక్షరాలు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పెట్టెలు పెట్టెలుగా కనిపించేవి. అందుకని నేను పేజీ కంపోజు చేసి దాన్ని బొమ్మగా మార్చి ఇచ్చేవాణ్ణి. ఆ బొమ్మ ఫోను తీగ మీద ఒక్కో వరుసా కిందికి దిగేది. వరుస దిగడం, పిల్లలు గట్టిగా చదవడం, మళ్ళీ నోళ్ళు తెరుచుకుని ఎదురుచూడటం. అక్షరాలు పెద్దవి చేస్తే బొమ్మ బరువెక్కి దిగేది కాదు. అందుకని చిన్నవే పెట్టాను.

కథ ఒక పెద్ద రచయిత రాస్తున్నారనీ, పేరు చెప్పొద్దన్నారనీ పిల్లలకు చెప్పాను. ఆ పెద్ద రచయితను నేనే. సికింద్రాబాద్ స్టేషన్లో ఒక మేక గూడ్సు బండి ఎక్కేస్తుంది. వారానికో స్టేషను. అంతే కథ. పది పన్నెండు మంది చూస్తుండగా తెర ముందు నిలబడేది ఒక్కరే కాబట్టి, చదివే వంతు ఎవరిదైతే వాళ్ళు పైకి చదివేవాళ్ళు, మిగిలినవాళ్ళు వినేవాళ్ళు. విన్నదాన్ని కూడా చదివిన లెక్కలోనే వేసుకున్నాం మేము.

బోయిన్‌పల్లి బడిలో ఆరో తరగతి పాప ఒకతె ఉండేది. తల్లి కూరగాయల మార్కెట్లో టమాటాలు ఏరే పని చేసేది, ఇంట్లో వాళ్ళిద్దరే. పిల్లలు రాసిన చీటీలన్నీ నేనే బస్సులో తిరిగి పోగుచేసి టైపు చేసేవాణ్ణి. అందరూ "మేక మంచిది, నాకు నచ్చింది" అని రాస్తే ఈ పాప చీటీలో ఇలా ఉంది: "మేకకు ఆకలైతలేదు, భయమైతున్నది. భయమైతే నాకు సుత ఆకలి కాదు." నేను ఆ చీటీని జేబులో పెట్టుకుని మా ఆవిడకు చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివింది.

పాప చీటీల్లో వారం వారం చేతిరాత మారేది. పిల్లలు ఒకరికొకరు రాసిపెట్టుకోవడం మామూలే కదా అనుకున్నాను.

ఇంక నా నోరు ఆగుతుందా? ఆ పాప రోజుకు నలభై పేజీలు చదువుతుందనీ, కిరాణా కొట్టు పొట్లం కాగితం కూడా వదలదనీ మా మేడ మీది అమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి తన ఆఫీసులో చెప్పింది. అది పెద్దవాళ్ళదాకా వెళ్ళింది. ఆ పాపను తీసుకురండి, మా ముందు చదవాలి, ప్రాజెక్టు నచ్చితే ఒక్కో బడికి పది కంప్యూటర్లు ఇస్తాం అన్నారు. పదిహేను రోజుల్లో ప్రోగ్రాం.

సరిగ్గా ఆ వారమే నాకు తెలిసింది.

సోమవారం నాడు ఆ వారం భాగాన్ని కాగితం మీద అచ్చువేసి మూడు బళ్ళకూ ఇచ్చేవాణ్ణి, ముందుగా చదువుకోవడానికి. ఆ వారం కాగితంలో మేక కాజీపేట చేరుతుంది. శుక్రవారానికి నాకు అనుమానం వచ్చింది. ఒక్క వారంలో అంత దూరం పంపిస్తే కథ తొందరగా అయిపోతుంది. నెట్టులో పెట్టే పేజీలో కాజీపేట తీసేసి భువనగిరి పెట్టాను, ఎవరికీ చెప్పలేదు.

శనివారం బోయిన్‌పల్లిలో పాప వంతు. చేతులు వెనక్కి కట్టుకుని తెర ముందు నిలబడింది. వెనక పదకొండు మంది పిల్లలు, తెర కనిపించక చేతిలో కాగితాలు చూసుకుంటున్నారు. వరుసలు దిగుతున్నాయి. పాప గొంతు ఎక్కడా తడబడలేదు. "బండి కాజీపేటలో ఆగింది. మేక తల బయటికి పెట్టి చూసింది" అని చదివింది.

తెర మీద భువనగిరి అని ఉంది.

ప్రెస్సులో ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు దిద్దడం మా పద్ధతి. ముప్పై ఏళ్ళు అదే పని. చెవి ఒకటి వింటూ, కన్ను ఇంకొకటి చూస్తే ఒళ్ళు ఝల్లుమంటుంది. పిల్లలందరినీ మంచినీళ్ళకు పంపించి, ఇంకో పేజీ తెరిచాను.

"ఇది చదువమ్మా."

"తాతా, ఇయ్యాల గొంతు మంచిగ లేదు."

"ఇప్పటిదాకా కోకిలలా చదివావుగా."

"గందుకే పోయింది గొంతు."

నవ్వొచ్చింది నాకు. నాలాంటిదే దొరికింది అనుకున్నాను. ఆ నవ్వు మీదే తెర మీద ఒక అక్షరం చూపించి ఇదేమిటని అడిగాను. పాప తల పక్కకు తిప్పి, కుడి కన్ను తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టింది. చాలాసేపు చూసింది. చెప్పలేకపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"దసరా కాడికెంచి. ఎడమ దిక్కు మసక మసక ఉంటది. బల్బు చుట్టూత రంగులు కనవడ్తయి, గుండ్రంగ. దోస్తు ఒకపారి సదువుతె నాకు యాదికుంటది తాతా, గట్ల నడిపిస్తున్న."

"అమ్మకు చెప్పావా?"

అప్పుడు నా చొక్కా అంచు పట్టుకుంది. "చెప్పకు తాతా, నీకు దండం పెడ్త. చెప్తె అమ్మ బడి బంద్ చేపిస్తది. టమాటలు ఏరెటానికి కండ్లు అవుసరం లేదంటది. చేతితోటి ఒత్తితె తెలుస్తదంట, ఏది మెత్తగున్నదో."

పాప భయం పాపది. నాకేం భయం? అయినా నేను ఒప్పుకున్నాను, ఒప్పుకోగానే గుండె తేలికపడింది. ఇది రాయడం కష్టంగా ఉంది. పాప కోసం ఒప్పుకున్నానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. నిజానికి పదిహేను రోజుల్లో ప్రోగ్రాం ఉంది. రోజుకు నలభై పేజీలు చదివే పిల్ల ఒక్క అక్షరం చదవలేదని చెబితే ముందు పోయేది నా మాట.

"ఆ ప్రోగ్రాం ఒకటి అయిపోనీ. మర్నాడే ఇద్దరం దవాఖానకు పోదాం" అన్నాను.

"ఒట్టేనా?"

"ఒట్టు."

ప్రోగ్రాం వాయిదా పడింది. అమెరికా నుంచి రావలసిన పెద్దాయన రాలేదు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ వాయిదా. మా మేడ మీది అమ్మాయి ఫోన్ చేసి, "సారీ అంకుల్, నెక్స్ట్ మంత్ పక్కా" అనేది. ప్రతిసారీ నేను, పోన్లే ఇంకో రెండు వారాలే కదా అనుకునేవాణ్ణి. రెండు వారాలూ రెండు వారాలూ కలిసి మూడు నెలలయ్యాయి.

ఊరికే కూర్చున్నానా అంటే అదీ కాదు. గురువారం గురువారం బోయిన్‌పల్లి వెళ్ళి, మెట్ల మీద కూర్చుని, శనివారం భాగం పాపకు రెండుసార్లు చదివి వినిపించేవాణ్ణి. దోస్తు అక్కర్లేకుండా నేనే దోస్తునయ్యాను. వెళ్ళినప్పుడల్లా ఒక అట్ట మీద మార్కరుతో పెద్ద అక్షరం ఒకటి రాసి తీసుకెళ్ళేవాణ్ణి. మొదటి నెలలో అరచేయంత అక్షరం చేతికందే దూరంలో గుర్తుపట్టింది. రెండో నెలలో ముక్కు దగ్గర పెడితే గుర్తుపట్టింది. మూడో నెలలో అట్ట చేతిలోకి తీసుకుని, వేలితో తడిమి, "ఇంకు ఎండలే తాతా, అంటుకున్నది" అంది. అక్షరం మాత్రం చెప్పలేదు. అలా వారం వారం కొలిచాను. కొలుస్తూ కూర్చుంటే వైద్యం చేస్తున్నట్టే అనిపించింది కాబోలు.

చివరికి ప్రోగ్రాం జరిగింది. హైదరాబాదుకు ఆ చివర కొండరాళ్ళ మధ్య లేచిన అద్దాల మేడ. మెళ్ళో విజిటర్ కార్డులు తగిలించారు. పిల్లలు కార్డులను నోట్లో పెట్టుకుని కొరుకుతున్నారు. పాప మైకు ముందు నిలబడి, వెనక గోడ మీద వెలుగుతున్న పేజీ వైపు మొహం పెట్టి, ఒక్క ముక్క తప్పకుండా "చదివింది". మేక వరంగల్లు చేరింది. హాలంతా చప్పట్లు. పెద్దాయన వచ్చి నా చెయ్యి ఊపాడు. ఎన్ని బళ్ళని అడిగితే ఇరవై అన్నాను. మా మేడ మీది అమ్మాయి నా వైపు చూసి తలొంచుకుంది.

బయటికి వస్తుంటే పాప అద్దం తలుపుకు కొట్టుకుంది. పెద్ద చప్పుడైంది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వుతూ, "ఇక్కడ ఫస్ట్ టైమ్ వచ్చినవాళ్ళందరికీ ఇంతే అంకుల్, నాకూ తగిలింది" అంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఎవరికీ అనుమానం రాకూడదు కదా. అప్పుడు పాప రెండు చేతులూ చాచి అద్దం మీద తలుపు పిడి కోసం వెతుకుతోంది. పిడి ఎడమవైపు ఉంది. కుడివైపు వెతుకుతోంది. నుదుటి మీద బొప్పి కడుతోంది. నవ్వు ఆపి తలుపు నేనే తెరిచాను.

తిరిగి వచ్చే వ్యానులో నా పక్కన కూర్చుంది. పిల్లలు పాటలు పాడుకుంటున్నారు. నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"తాతా, అయిపోయింది గద. రేపు పోదామా దవాఖానకు?"

మూడు నెలలు ఆ ఒట్టును పట్టుకుని ఉంది. ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

మర్నాడు తల్లినీ పాపనూ వెంటబెట్టుకుని కంటి ఆస్పత్రికి వెళ్ళాను. తల్లి పని మానుకుని వచ్చింది, చీర కొంగుకు టమాటా గింజలు అంటుకునే ఉన్నాయి. మందు చుక్కలు వేశారు, వెలుగులో చూశారు, మళ్ళీ చుక్కలు వేశారు. డాక్టరమ్మ కుర్చీ జరుపుకుని తల్లికి ఎదురుగా కూర్చుంది.

"కంట్లో ప్రెషర్ బాగా పెరిగిపోయిందమ్మా. ఎడమ కంటి నరం ఎండిపోయింది. పోయిన చూపు తిరిగి రాదు. కుడి కంట్లో కొంచెం ఉంది, ఆపరేషన్ చేసి దాన్ని నిలబెట్టుకోవాలి. రెండు మూడు నెలల ముందు తెచ్చినా ఇంకా కొంత మిగిలేది. ఎప్పటి నుంచి ఇలా?"

"నాకేమెరుక మేడం? బడిల సార్లు మస్తు సదువుతదన్నరు. ఫస్టు సదువుతదన్నరు."

డాక్టరమ్మ పాప వైపు తిరిగింది. "ఎవరికీ చెప్పలేదా తల్లీ?"

పాప మొహం ఒకసారి నేను నిలబడ్డ వైపు తిరిగింది.

"ఎవ్వరికి చెప్పలే. ఎవ్వరికి తెల్వదు."

తల్లి లేచి పాప వీపు మీద కొట్టింది. "నోరు లేదానె నీకు? కన్నతల్లిని గాదానె, నాకు చెప్పరాదానె?" అని ఒక దెబ్బ, ఇంకో దెబ్బ. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. తల్లి పాపను పొట్టకేసి హత్తుకుని ఏడ్చింది. పాప ఏడవలేదు.

ఆ దెబ్బలు నావి. నాలుగడుగుల దూరంలో గోడకు ఆనుకుని నిలబడి చూశాను. నలభై ఏళ్ళుగా మాట మీద మాట పేర్చినవాణ్ణి, నాకు తెలుసమ్మా అని ఒక్క ముక్క అనలేకపోయాను. బయటికి వచ్చాక తల్లి నాకు రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "మీరు తోలుకొస్తెనే తెల్సింది సార్." ఆ మొక్కు కూడా తీసుకున్నాను.

కంప్యూటర్లు వచ్చాయి, పది కాదు, బడికి రెండు. మా మేడ మీది అమ్మాయికి బెంగళూరు బదిలీ అయింది. కొత్త కథ పెట్టేవాళ్ళు లేక ఆ వెబ్‌సైటు కొన్నాళ్ళు అలాగే ఉండి, తరవాత తెరుచుకోవడం మానేసింది. మేకను నేను వరంగల్లు దాటించలేదు.

పాపకు ఆపరేషనై రెండు నెలలు గడిచాక ఒక పొద్దున బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్ళాను. తల్లి డబ్బాల మధ్య పీట మీద కూర్చుని టమాటాలు ఏరుతోంది. మెత్తవి ఒకవైపు, గట్టివి ఒకవైపు. నేను ఎదురుగా గొంతుక్కూర్చుని చెప్పాను. కాజీపేట దగ్గర్నుంచి, అట్టల దగ్గర్నుంచి, అద్దం తలుపు దాకా. ఏమీ పెంచలేదు, ఏమీ తగ్గించలేదు. చెయ్యి ఆపకుండా విన్నది.

"తెల్సు సార్. బిడ్డ చెప్పింది."

"మరి నన్నొక మాట అడగలేదేమమ్మా?"

"ఏమడగాలె? అడిగితె కన్నొస్తదా?"

ఒక టమాటా ఒత్తి చూసి మెత్తవాటిలో వేసింది. తనే మళ్ళీ అంది, "గప్పుడే నాకు చెప్తె నేను బడి బంద్ చేపిస్తుంటి సార్, అబద్ధమెందుకు. దానికి నా గుణం ఎరుకనే. గందుకే నీకు చెప్పింది. నువ్వు పెద్దమనిషివని చెప్పింది."

లేవడానికి ఆమే చెయ్యి ఇచ్చింది.

"ఇంగ మార్కెట్ల జెప్పకు గివన్ని. ఇంటికి రా. దాని పుస్తకాలు జెర సదివిపెట్టు. నాకు సదువు రాదు."

అప్పటి నుంచి వారానికి మూడు రోజులు వెళ్ళాను. మొదట్లో నా అలవాటు పోలేదు. సాంఘిక శాస్త్రంలో రాజు కోట ముట్టడిస్తుంటే నేను రెండు ఏనుగులు ఎక్కువ దించేవాణ్ణి. పాప వెంటనే పట్టేసేది.

"గా ఏనుగులు అండ్ల లేవు తాతా."

"నీకెలా తెలుసు?"

"నువ్వు కలిపేటప్పుడు నీ గొంతు ఖుషీ అయితది."

ఏనుగులు మానేశాను. ఉన్నది ఉన్నట్టు చదవడం నాకు ఆ ఇంట్లోనే వచ్చింది. పాప రెండుసార్లు విని అప్పజెప్పేది. పరీక్షకు పక్కన కూర్చుని రాసిపెట్టడానికి బడి వాళ్ళు కింది తరగతి పిల్లను ఇచ్చారు. పాస్ అవుతూ వచ్చింది. కుడి కన్ను ఉన్నకాడికి నిలబడింది. వెలుగూ, గుమ్మమూ, మనిషి ఆకారమూ తెలిసేవి, అక్షరం తెలిసేది కాదు.

రెండేళ్ళ తరవాత ఒక సాయంత్రం సైన్సు పుస్తకం చదువుతున్నాను. ఒక పాఠం అయిపోయి పక్క పేజీ తిప్పబోయి, శీర్షిక చూసి, ఆ పాఠమంతా వదిలేసి ముందుకు తిప్పాను.

"మస్తు కాయితాలు తిప్పినవ్ తాతా."

"వేలికి అంటుకున్నాయమ్మా."

"అంటుకోలే. చప్పుడు వినవడ్డది. ఏం పాఠం గది?"

తల్లి గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. చాట ఆగింది.

"కన్ను" అన్నాను.

పాప కాళ్ళు ముడుచుకుని సర్దుకుని కూర్చుంది. "సదువు."

చదివాను. కనుపాప, కటకం, వెనకనున్న పొర. కాంతి ఎలా లోపలికి వెళుతుందో, బొమ్మ ఎలా తలకిందులుగా పడుతుందో. కంటి నరం దగ్గరికి వచ్చాను. ఆగి నీళ్ళు తాగాను.

"గా నరమేనా నాది ఎండిపోయింది?"

"అదేనమ్మా."

"ఎండిపోతె మల్ల రాదని రాసి ఉన్నదా అండ్ల?"

కింది వరుస దాకా చూశాను. ప్రశ్నలు కూడా చూశాను. "లేదు. అది రాయలేదు."

"నువ్వు దాస్తలేవు గద?"

"లేదమ్మా."

నా గొంతును తూచినట్టు తల పక్కకు వంచింది. తరవాత అంది, "సరె, ఇంకొకపారి సదువు. మెల్లగ. పరీక్షల అడుగుతరు."

మొదటి వాక్యం నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.